పట్టు తొడిగిన వైరు

నేను హిందూపురంలో ఇంటర్మీడియెట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది, రాగి మంచి వాహకం. ఇరవై ఏళ్లకు పైగా బోర్డు మీద ఇదే రాస్తున్నాను. అందుకే స్పీకరు వైర్ల కోసం నేను ఎంత పెట్టానో ఇక్కడ రాయను. మా ఆవిడకు అప్పట్లో ఒక అంకె చెప్పాను గానీ, అది వైరుది కాదు, మహా అయితే ఆ వైరు వచ్చిన పెట్టెది అయ్యుంటుంది.

నన్ను ఇందులోకి దించింది పెనుకొండ స్నేహితుడు. డిగ్రీలో నా పక్క బెంచీవాడు. ఇప్పుడు పెనుకొండలో మందుల షాపు నడుపుతున్నాడు. వారమంతా జ్వరాలకూ కడుపునొప్పులకూ మాత్రలిచ్చి, ఆదివారం షాపు మూసి మేడ మీద గదిలో పాటలు వింటాడు. పాటలు వింటాడనడం సరికాదు, శబ్దం వింటాడు. ఆ గదికి కొండ కనపడే వైపు మంచి కిటికీ ఒకటి ఉంది. గాజు శబ్దాన్ని చెడగొడుతుందని దాన్ని దుప్పటితో మూసేశాడు. గోడలకు పాత పరుపులు నిలబెట్టాడు. గది మధ్యలో ఒకే ఒక కుర్చీ. రెండో మనిషి వస్తే కింద కూర్చోవాలి. కింద కూర్చుంటే చెవి సరైన ఎత్తులో ఉండదు కనుక రెండో మనిషి అభిప్రాయానికి విలువ లేదు. నేను ఎప్పుడూ రెండో మనిషినే.

అతను పాట పెట్టి అర నిమిషం విని ఆపేస్తాడు. వీణ తీగ మీద గోరు తగిలింది విన్నావా అని అడుగుతాడు. విన్నానంటే మళ్లీ మొదటినుంచి పెడతాడు. వినలేదన్నా అంతే. అన్నేళ్లలో ఆ గదిలో నేను చరణం దాకా చేరిన పాట లేదు. పల్లవులు మాత్రం నాకు చాలా బాగా వచ్చు.

బెంగళూరులో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన స్టీరియో సెట్టును అమ్మేస్తున్నాడని మూడేళ్ల కిందట కబురు తెచ్చింది ఇతనే. పొద్దున రైలుకు ఇద్దరం వెళ్లాం. తిరుగు ప్యాసింజరులో ఆంప్లిఫయరు నా ఒళ్లో, స్పీకర్లు రెండూ కాళ్ల దగ్గర. ఎదురుగా కూర్చున్న రొళ్ల ఊరి రైతు ఒకాయన వాటిని కాసేపు చూసి, అవి కోళ్ల గూళ్లా అని అడిగాడు. మా వాడు ఆయనకు దొడ్డబళ్లాపురంలో మొదలుపెట్టి గౌరిబిదనూరు దాకా వివరించాడు. లోపల కోన్ ఎట్లా కదులుతుంది, గాలి ఎట్లా అదురుతుంది, అన్నీ. ఆయన ఓపిగ్గా విని, "అయితే కోళ్లకు కాదు" అన్నాడు.

ఇంటికి తెచ్చాక మా వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో మామూలు జంట వైరు కొన్నాను. రెండు పోగులూ తెలుపే. కాలేజీకి వేళవుతోందని గబగబా రెండు ముక్కలు చేసి, కొసలు గీకి, స్పీకర్లకు బిగించాను. సాయంత్రం వచ్చి పాట పెట్టాను. పాట వచ్చింది గానీ, ఎక్కడో తేడా. గాయని గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడాల్సింది, ఎక్కడుందో తెలియకుండా గోడల్లోంచి వస్తోంది. మృదంగం ఉంది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది. మా ఆవిడ విని, మన పాత టేప్ రికార్డరే నయమని చెప్పి లోపలికి పోయింది.

ఆ ఆదివారం స్నేహితుడు వచ్చి విన్నాడు. అర నిమిషంలో ఆపేశాడు. స్పీకర్ల వెనక్కి వెళ్లి, చచ్చిన బల్లిని తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో వైరును పైకెత్తాడు.

"దీంతో ఫ్యాను తిరుగుతాదబ్బా. పాట పలకదు."

నేను వాదించాను. ఎనిమిది ఓముల స్పీకరు ముందు రెండు మూడు మీటర్ల రాగి తీగ నిరోధం పట్టించుకోనక్కర్లేదని, కావాలంటే లెక్క కట్టి చూపిస్తానని కాగితం కూడా తీశాను. అతను రోగి బంధువుల మాట వినే డాక్టరులా తల ఊపుతూ విన్నాడు. నువ్వు చెప్పేదంతా పరీక్షకు సరిపోతుంది, మార్కులు కూడా పడతాయి, చెవికి మాత్రం పనికిరాదు అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక వైరు పేరు చీటీ మీద రాసి ఇచ్చాడు, మందుల చీటీ రాసినట్టే, చదవడానికి రాకుండా.

రెండు వారాలు ఆగాను. ప్రతిరోజూ ఆ పాడు శబ్దం వినడం, లెక్క ప్రకారం అది బాగుండాలని నాకు నేను చెప్పుకోవడం. ఆఖరికి తెప్పించాను.

పెట్టె తెరిస్తే లోపల మఖమల్ గుడ్డ. గుడ్డ మీద చుట్ట చుట్టిన వైరు, నా బొటనవేలంత లావు. దానికి ఒక నంబరు, ఆ నంబరు వేసిన సర్టిఫికెట్టు. నా డిగ్రీ సర్టిఫికెట్టు కంటే కాగితం మందంగా ఉంది. వైరు పైన సన్నటి అల్లిక తొడుగు. అది సహజమైన పట్టు అనీ, పట్టు అదురును పీల్చేస్తుంది కనుక శబ్దం శుభ్రపడుతుందనీ కరపత్రంలో రాశారు. ఇంకా, సంగీతం ఎటునుంచి ఎటు ప్రవహించాలో తెలియడానికి వైరు మీద బాణం గుర్తులు. స్పీకరుకు పోయే కరెంటు అటూ ఇటూ ఊగుతూ ఉంటుందే తప్ప ఒకవైపుకే పోదని నాకు తెలుసు. నేనే చెప్తాను ఆ పాఠం. అయినా బాణాలు స్పీకరు వైపు ఉండేట్టే బిగించాను. ఎర్ర కొస స్పీకరు వెనక ఎర్ర మరలోకి, నల్ల కొస నల్ల మరలోకి, కరపత్రంలో బొమ్మ చూస్తూ, అంత జాగ్రత్తగా నేను ల్యాబులో కూడా ఏదీ బిగించలేదు.

పాట పెట్టాను. గొంతు వచ్చి ఎదురుగా నిలబడింది. మృదంగానికి పొట్ట వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి స్పీకర్ల మధ్య ఖాళీలోకి తొంగి చూశాను, అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని. వంటింట్లోంచి మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగింది.

"ఇప్పుడు బాగుండాది. మనిషి ఎదురుగా కూర్చోని పాడినట్ల ఉండాది."

ఆమెకు అప్పటికి వైరు మార్చిన సంగతి తెలియదు. ధర తెలియదు. పాటల పిచ్చి లేదు. అంతకంటే మంచి సాక్షి ఎవరుంటారు? ఆ రోజుతో నా చదువు ఓడిపోయింది.

చదువుకున్నవాడు నమ్మితే ఊరికే నమ్మడు, నమ్మకానికి కారణాలు తయారు చేసుకుంటాడు. నేను కూడా చేసుకున్నాను. రాగి స్ఫటికాలనీ, తీగ పైపొరలో ప్రవాహమనీ స్టాఫ్ రూములో చెప్పేవాణ్ణి. కెమిస్ట్రీ ఆయన తలూపేవాడు, ఆయనకు త్వరగా టీకి పోవాలి. క్లాసులో నిరోధం పాఠం వచ్చినప్పుడు 'పట్టించుకోనక్కర్లేదు' అనే వాక్యం ముందు 'మామూలుగా' అని ఒక మాట చేర్చాను. పిల్లలు దాన్ని కూడా నోట్సులో రాసుకున్నారు.

ఇట్లా కొన్ని నెలలు గడిచాక మా మామ వచ్చాడు. ఆయనది ధర్మవరం. యాభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు, ఇప్పటికీ సొంత చేతిమగ్గం. ఎడమ చెవి వినపడడం తగ్గిందని పుట్టపర్తి ఆసుపత్రిలో చూపించుకొని, అట్నుంచి కూతుర్ని చూసిపోదామని మా ఇంటికి వచ్చాడు. చెవికి ఇక చేసేదేమీ లేదన్నారట. దానికి ఆయన పెద్దగా బాధపడినట్టు లేదు. కుడిచెవి చాలు, బేరానికి వచ్చేవాళ్లు ఎట్లాగూ గట్టిగానే మాట్లాడతారు అన్నాడు.

మా మామ వేళ్లు ఊరికే ఉండవు. బస్సులో పక్కవాళ్ల కండువా అంచు ఆయన చేతిలోకి ఎప్పుడు వచ్చిందో వాళ్లకే తెలియదు. పెళ్లికి పోతే అక్షింతలు వేసేటప్పుడు ముందు పెళ్లికూతురి చీర చూసి తర్వాత ముఖం చూస్తాడు. ఆ రోజు స్పీకరు పక్కన కింద కూర్చొని మాట్లాడుతున్నాడు. వేళ్లు వెళ్లి వైరు మీద పడ్డాయి. మాట ఆగిపోయింది. ఇదేమని అడిగాడు. పట్టు మామా అని గర్వంగా చెప్పాను.

ఆయన వైరు కొసన, తొడుగు తెగిన చోట, ఒక పోగు లాగాడు. అగ్గిపెట్టె తెమ్మని కూతురికి చెప్పాడు. పోగును మంట మీద పెట్టి, చల్లారాక నా అరచేతిలో వేశాడు. నల్లటి చిన్న పూస.

"పట్టు కాలితే ఎంటిక కాలినట్ల వాసన రావల్ల. నలిపితే బూడిద కావల్ల. ఇది చూడప్పా, పూస కట్టింది. ఎవరో నిన్ను మోసం చేసినారు."

నేను సర్టిఫికెట్టు తెచ్చి చదివి వినిపించాను. ఆయన కుడిచెవి నావైపు తిప్పి అంతా విని, కాగితం మీద పట్టే గానీ తీగ మీద పట్టు కాదన్నాడు. పాట బాగానే వస్తోంది కదా మామా అంటే, పాట సంగతి నన్నడగొద్దు, పట్టు సంగతి అడిగితే చెప్తాను అని పడక మీదికి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక నాకు కుదురు లేకపోయింది. పట్టు అబద్ధమైతే మిగతాది నిజమేనా? మంచం కింద పెట్టెలోంచి పాత తెల్ల వైరు తీశాను. ఈసారి తీరిగ్గా, రెండు పోగులకూ కొసల దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకొని, ఏ మరలోకి ఏది పోవాలో చూసుకొని బిగించాను. అదే పాట పెట్టాను. గొంతు వచ్చి ఎదురుగా నిలబడింది. మృదంగానికి పొట్ట ఉంది. ఖరీదైన వైరుతో ఎట్లా ఉందో అట్లాగే ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ ఏమీ అనలేదు.

నేను స్పీకరు వెనక కూర్చొని చాలాసేపు చూశాను. తర్వాత ఒక స్పీకరుకు మాత్రం రెండు కొసలూ తారుమారు చేశాను. పాట పెట్టగానే గొంతు గోడల్లోకి వెళ్లిపోయింది, మృదంగం డబ్బా అయింది.

"మళ్లీ ఏం చేసినారు? అప్పటి మాదిరే పాడైపాయ," అని వంటింట్లోంచి వినపడింది.

అప్పుడు అర్థమైంది. మొదటిరోజు కాలేజీకి పోయే తొందరలో నేను ఒక స్పీకరును ఉల్టా బిగించాను. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. రెండు తరంగాలు ఎదురెదురు దశల్లో కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ పాఠం కూడా నేనే చెప్తాను, బొమ్మ గీసి, రెండు రంగుల సుద్దముక్కలతో. కొత్త వైరు చేసిన మేలల్లా, దాన్ని బొమ్మ చూసి సరిగ్గా బిగించేలా నన్ను భయపెట్టడమే. అంత ధర పెట్టకపోతే అంత జాగ్రత్త ఉండేది కాదు.

మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు. ఊరికే తిప్పి బిగించి ఉంటే సరిపోయేదా అని అడిగింది. సరిపోయేదన్నాను. అప్పుడు ధర మళ్లీ అడిగింది. ఈసారి అసలు అంకె చెప్పాను. చేతిలో గరిటెను గిన్నెలో పెట్టి, తండ్రి పడుకున్న వైపు చూసింది.

"నాయనకు చెప్పొద్దండి. అన్నం గూడా తినడు," అంది.

తర్వాతి ఆదివారం పెనుకొండ వెళ్లాను. పట్టు దొంగదని, శబ్దం మారింది వైరు వల్ల కాదని, రెండూ చెప్పాలనే వెళ్లాను. రైల్లో ఒకటికి రెండుసార్లు మాటలు కూర్చుకున్నాను కూడా. అక్కడికి వెళ్లి ఒకటే చెప్పాను. నల్ల పూసను కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లాను, అది చూపించాను. రెండోది చెప్పాలంటే ముందు నన్ను నేను వెధవనని ఒప్పుకోవాలి. నాలుక తిరగలేదు.

పూసను చూసి అతను కుంగిపోతాడనుకున్నాను. అతని గదిలో అవే వైర్లు, నావాటికంటే పొడవు. కానీ అతని ముఖం వెలిగింది. ఎన్నాళ్లనుంచో పైస్వరాల్లో ఒక గరుకు వినపడుతోందట, కారణం ఇప్పుడు దొరికిందట. దొంగపట్టు వల్లే ఆ గరుకు. అసలు పట్టు తొడిగితే పోతుంది. మీ మామను చూడాలి అన్నాడు.

ధర్మవరంలో మా అత్త అతన్ని పెళ్లి చీరలకు వచ్చిన మనిషనుకొని చాప పరిచి, నాలుగు చీరలు విప్పింది. మా వాడు చీరలు చూస్తూ పోగు ఎంత సన్నమో, పురి ఎంత ఉందో అడుగుతున్నాడు. బేరగాడు గట్టివాడని ఆమె అనుకున్నట్టుంది, ఐదోది కూడా విప్పింది. వైరుకు తొడుగు కావాలని నేను చెప్పాను. మా మామ పని తెలిసినవాడు అడిగే ప్రశ్నలు అడిగాడు. ఎంత లావు, ఎంత పొడవు, ఎండ తగులుతుందా, రోజూ వంచుతారా. ఎందుకు అని మాత్రం అడగలేదు. పట్టు ఎవరికి ఎందుకు కావాలో అడగడం ఆయన వృత్తిలో లేదు.

అయితే ఖరీదైన వైరు మీద చెయ్యి వెయ్యనన్నాడు. ముందు దేనికైనా మామూలుదానికి తొడిగి చూద్దాం, కుదిరితే అప్పుడు నీది అన్నాడు. మామూలుది మా ఇంట్లో ఉంది. మా ఆవిడ పెళ్లికి ముందు చీరల కొంగులకు కుచ్చులు కట్టేది. తండ్రి ఇచ్చిన వక్కరంగు, చిలకపచ్చ పట్టు పోగులతో ఆ తెల్ల వైరు చుట్టూ వారం రోజులు కూర్చొని జడలా అల్లింది. పని అయ్యాక చూస్తే మెళ్లో వేసుకోవచ్చనిపించేట్టు ఉంది.

దాన్ని తీసుకొని మామా నేనూ పెనుకొండ వెళ్లాం. స్నేహితుడు మా మామను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఎడమచెవి పనిచేయని మనిషికి స్టీరియో నడిమధ్య కుర్చీ ఇచ్చి, అతను పక్కన నిలబడ్డాడు. వైర్లు మార్చాడు, కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం గడిచింది. ఆపలేదు. పల్లవి అయిపోయింది. చరణం వచ్చింది, ఆ పాటకు చరణం అంత బాగుంటుందని నాకు తెలియదు. రెండో చరణం కూడా అయిపోయింది. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. లోపల ఏ దేశం రాగి వాడారని మెల్లగా అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా మామ చెప్పాడు.

"రాగీ లేదు, దేశమూ లేదప్పా. హిందూపురంలో మా అల్లుడు మీటర్ల లెక్కన తెచ్చిన తెల్లవైరు. పైన పట్టు మాత్రం నాది."

ఇప్పుడైనా అతనికి తెలిసొస్తుందని నేను అనుకున్నాను. అతను వైరును అరచేతిలోకి తీసుకొని, వేలితో అల్లికను నిమిరాడు.

"అంటే అంతా పట్టులోనే ఉండాదన్నమాట," అన్నాడు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. బెంగళూరులో అతనిలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, ఫోన్లలో ఒక గుంపుగా ఉంటారు. వారం తిరక్కుండానే తొడుగులు కావాలని కబుర్లు మొదలయ్యాయి, మామే వాటిని నేయసాగాడు. మా మామకు ఇబ్బందిగా ఉంది. వాళ్లు కొనేది ఏమిటో వాళ్లకు తెలియాలని, ప్రతి తొడుగుతోపాటు ఒక చీటీ పెట్టమన్నాడు. ఆయన చెప్తుంటే నేనే రాశాను: పట్టు అసలైనది, కాల్చి చూసుకోవచ్చు. లోపలి వైరు మీ ఇష్టం. శబ్దం సంగతి నాకు తెలియదు.

ఆ చీటీ ఆయన కొంప ముంచింది. శబ్దం సంగతి నాకు తెలియదని రాసేంత వినయం నిజమైన విద్వాంసుడికే ఉంటుందని వాళ్లు అనుకున్నారు. ఒకాయన చీటీకి ఫ్రేము కట్టించుకున్నాడట. ఇంకొకాయన తొడుగు మీద బాణం గుర్తు నేసి ఇవ్వగలరా అని అడిగాడు. బాణం ఎటు ఉండాలని మామ నన్నడిగాడు. ఎటున్నా ఒకటేనన్నాను. ఒకటే అయితే ఎందుకని ఆయన రెండువైపులా ఒకేలా కనపడే చిన్న పువ్వు నేసి పంపాడు.

ఒకరోజు ఆయన మగ్గం గుంతలో కూర్చొని పని ఆపి నన్ను దగ్గరకు పిలిచాడు. వీళ్లు డబ్బు ఇస్తున్నది పట్టుకా, శబ్దానికా అని అడిగాడు. చదువుకున్నవాడివి, ఇందులో నా తప్పు ఏమన్నా ఉంటే చెప్పు అన్నాడు. అంత సూటిగా అడిగితే ఇక దాచలేకపోయాను. ఉల్టా బిగించిన స్పీకరు నుంచి మొత్తం చెప్పాను. ధర తప్ప.

ఆయన నన్ను తిట్టలేదు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను పక్కన పెట్టి, నీళ్లు తాగాడు.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఆ పెనుకొండాయనకు చెప్పల్ల నువ్వు. ఆయన నిన్ను నమ్మి గదా ఇంతదూరం వచ్చినాడు."

ఒప్పుకున్న తొడుగులు పూర్తిచేసి, ఇక కొత్తవి తీసుకోనన్నాడు. ఎట్లాగూ పెళ్లిళ్ల కాలం ముందుంది, చీరలకు చెయ్యి ఖాళీ ఉండదు. బెంగళూరువాళ్లకు ఆ మాట చెప్తే, ఎన్నాళ్లయినా ఎదురుచూస్తామని జవాబిచ్చారు.

నేను పెనుకొండ వెళ్లి చెప్పాను. మెట్ల మీద నిలబడే చెప్పాను, గదిలోకి వెళ్తే పాట పెడతాడని. అతను విని, మొదట నవ్వాడు. తర్వాత ముఖం ముడుచుకుంది. ఆ రోజు స్పీకరు ఉల్టా ఉండి ఉంటే నా చెవికి తెలియకుండా పోతుందా అన్నాడు. నేను ఏమీ అనలేదు. అనకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టిందనుకుంటాను. షాపుకు జనం వచ్చారని కిందికి దిగిపోయాడు. ఆదివారమని, షాపు మూసి ఉందని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత నెలన్నర ఫోను లేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఇంట్లో పాటలు బాగానే వస్తున్నాయి. ఖరీదైన వైరే మళ్లీ బిగించాను, తెల్లవైరు పట్టు తొడుక్కొని పెనుకొండలో ఉండిపోయింది కాబట్టి. కానీ వినాలని అనిపించేది కాదు. పాతికేళ్లు దాటిన స్నేహాన్ని ఒక సరైన వాక్యంతో పోగొట్టుకున్నానని అప్పుడప్పుడూ అనిపించేది.

పెళ్లిళ్ల ముందు ఒక ఆదివారం ధర్మవరం వెళ్లేసరికి అతను మా మామ ఇంట్లో ఉన్నాడు. భార్యకు చీర కొనడానికి వచ్చానన్నాడు. చీర మీద అతని చూపు లేదు. మగ్గం పక్కన పీట మీద కూర్చొని, తల ఒకవైపుకు వంచి, నేత చప్పుడు వింటున్నాడు. నన్ను చూసి కూర్చోమని చేత్తో సైగ చేశాడు, మాట్లాడొద్దని కూడా. మా మామ నేస్తూనే ఉన్నాడు. కాసేపయ్యాక స్నేహితుడు చెయ్యెత్తి ఆపమన్నాడు.

"పెద్దాయనా, ఎడమపక్క ఏదో సడలింది. కుడికి పోయేటప్పుడు ఒక తీరు కొడతాండాది, ఎడమకు వచ్చేటప్పుడు ఇంకో తీరు."

మా మామ అదేమీ లేదన్నాడు. పొద్దుటినుంచీ ఇట్లాగే ఉందన్నాడు. అతను ఒప్పుకోలేదు, ఇంకోసారి నేయమన్నాడు. ఇంకోసారి విని, లేచి వచ్చి వేలు పెట్టి చూపించాడు. నాడెను తోసే తాడు ఎడమవైపు కట్టు దగ్గర అరిగి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. ఇంకో పూట గడిస్తే తెగి, నాడె పడుగు మీద, ఆ నిలువు పోగుల మీద పడేదట. పడుగు తెగితే అతికించడానికి ఎన్నాళ్లు పడుతుందో మా అత్త మాకు చెప్పింది. ఆ తాడు ఉన్నది మా మామకు వినపడని చెవి వైపు.

తాడు మార్చడానికి గంట పట్టింది. మార్చాక మా మామ మళ్లీ నేశాడు, మా వాడు మళ్లీ విన్నాడు, ఇప్పుడు రెండువైపులా ఒకటేనన్నాడు. మా మామ అతన్ని అన్నం తినిపోమన్నాడు. చీర ధర అడిగితే, అది తర్వాత చూసుకుందాం కూర్చో అన్నాడు. తింటున్నంతసేపూ ఇద్దరూ మగ్గాల చప్పుళ్ల గురించి మాట్లాడుకున్నారు. కొత్త మగ్గం ఎట్లా కొడుతుంది, తడి గాలికి కొయ్య ఉబ్బితే ఎట్లా మారుతుంది. మామ కుడిచెవి అతని వైపు తిప్పి కూర్చున్నాడు.

సాయంత్రం రైలుకు ఇద్దరం కలిసే బయల్దేరాం. చీర అట్టపెట్టె అతని ఒళ్లో ఉంది. పెనుకొండ దగ్గరపడేదాకా వైర్ల మాట ఎత్తలేదు. స్టేషను కనపడుతుండగా లేచి నిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు. మొన్న తన గదిలో కావాలనే ఒక స్పీకరును ఉల్టా బిగించి విన్నాడట.

"తెలిసిందబ్బా. అర నిమిషం గూడా పట్టలేదు. ఆ పొద్దు మీ ఇంట్లో నేను స్పీకరు వినలేదు, వైరును చూసినాను."

రైలు ఆగింది. అతను దిగి, పెట్టెను చంకలో పెట్టుకొని, జనంలో కలిసి మెట్ల వైపు నడిచాడు.